రెండో భాగంలో ఇనుపకాలు లేదు

మొన్న బుధవారం పొద్దున అక్క ఫోన్ చేసింది. పలకరింపు లేదు, కుశల ప్రశ్న లేదు. "మంజీ, గా ఇనుపకాలామె సినిమా మల్ల వచ్చిందంట. శనివారం పోదం" అంది. సరేనన్నాను. పెట్టేస్తుందనుకున్నాను గాని పెట్టలేదు. "ఇంకో ముచ్చట. నేను కుర్చీల వస్త. చక్రాల కుర్చీ. నన్ను చూసి మొఖం గట్ల పెట్టకు" అంది. "ఎట్ల?" అన్నాను. "ఇప్పుడు పెట్టినవు గదా, గట్ల" అని ఫోన్ పెట్టేసింది.

నిజంగానే పెట్టాను. వంటింటి గట్టు మీద ఫోన్ బోర్లించాను. మా అక్క సుగుణ నాకంటే రెండేళ్ళు పెద్దది. నడక రాకముందే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ కాలికి రెండువైపులా ఇనుపకడ్డీలు, మధ్య తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం, కింద బరువైన బూటు. దాన్ని ఆసుపత్రిలో క్యాలిపర్ అనేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం అందరం 'పట్టా' అనేవాళ్ళం. ఆ పట్టాతోనే అక్క చదివింది, పని నేర్చింది, సంతోష్‌నగర్‌లో తన సొంత కార్ఖానా పెట్టుకుంది. కాళ్ళు చచ్చుబడినవాళ్ళకు పట్టాలు, కాళ్ళు పోయినవాళ్ళకు కట్టుడు కాళ్ళు చేస్తుంది. ఇన్నేళ్ళు మొత్తం బరువు మోసిన కుడికాలు ఈమధ్య సహకరించడం మానేసిందని, డాక్టరు కుర్చీ వాడమన్నాడని నాకు తెలుసు. అక్క వినదనుకున్నాను. వినకూడదని లోపల కోరుకున్నానేమో కూడా. ఎందుకంటే నా మనసులో అక్క అంటే నడుస్తున్న మనిషే. ఆ నడక నాలో ఎప్పుడు అచ్చుపడిందో కూడా నాకు తెలుసు. అది ఈ సినిమా రెండో భాగం చూసిన రోజు.

అప్పుడు మేం జహనుమాలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న వాకిలి, వాకిట్లో నీళ్ళ తొట్టి. బాపు బేగంబజార్‌లో స్టీలు సామాన్ల టోకు దుకాణంలో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా జేబులో, చెవుల వెనక గడ్డిపోచలుండేవి. గిన్నెలు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో గడ్డి పెట్టి కట్టేవాళ్ళట. అమ్మ వాకిట్లోనే ఆపి, తువ్వాలతో ఆ గడ్డి దులిపాకే లోపలికి రానిచ్చేది. బాపు నెమ్మదస్తుడు. గట్టిగా అరిచి ఎరగడు. కాని ఒకసారి వద్దన్నాడంటే ఆ వద్దు గోడలో కొట్టిన మేకులాగా ఉండేది. ఎవరు లాగినా ఊడేది కాదు.

ఆ ఇంట్లో సాయంత్రాలు నాయినమ్మవి. దీపం పెట్టాక ఇనుప గరిటెలో నువ్వులనూనె పోసి, అందులో వెల్లుల్లి రెబ్బలు, కాస్త వాము వేసి పొయ్యి మీద కాచేది. వెల్లుల్లి ఎర్రబడగానే ఆ వాసన పక్కింటిదాకా పోయేది. అక్క పట్టా విప్పి చాప మీద కాళ్ళు చాపి కూర్చునేది. నాయినమ్మ ఆ సన్నటి కాలిని ఒళ్ళో పెట్టుకుని, తొడ నుంచి మడమ దాకా నూనె పట్టిస్తూ దానితో మాట్లాడేది. అక్కతో కాదు, కాలితో. "ఇయ్యాల మస్తు తిరిగినవు తల్లీ. పడుకో ఇగ" అనేది. గరిటెలో మిగిలిన నూనెను పట్టా తోలుకు రాసేది, ఎండి బిరుసెక్కకుండా. అందుకే మా అక్క పుస్తకాలకు, బట్టలకు, చివరికి తను తిని వదిలిన జామకాయకు కూడా వెల్లుల్లి, తోలు కలిసిన ఒక వాసన ఉండేది. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. గల్లీలో పిల్లలు కుంటిదని 'లంగ్డీ' అని పిలిచేవాళ్ళు. ఏ ఆటలోనూ కలుపుకునేవాళ్ళు కాదు. అక్క వాకిలి మెట్టు మీద కూర్చుని, ఆట జరిగినంతసేపూ ఎవరు దొంగాట ఆడుతున్నారో గట్టిగా అరిచి చెప్పేది.

అలాంటి రోజుల్లో మొదటి సినిమా వచ్చింది. ఎక్కడో పరాయి దేశంలో తీసి తెలుగులోకి మార్చినది. దాని పేరు చెప్పినా ఈరోజు ఎవరికీ గుర్తుండదు. రాబోయే కాలంలో ఒక నగరం. అక్కడ మనుషుల మీద మరమనుషులు పెత్తనం చేస్తుంటాయి. ఒక సైనికురాలికి యుద్ధంలో కాలు పోతుంది. చచ్చిందని అందరూ వదిలేసి పోతే, ఆమె విరిగిపోయిన యంత్రాల కుప్పలోంచి ఇనుపముక్కలు ఏరుకుని, తన కాలు తనే చేసుకుంటుంది. ఆ కాలితో లేచి నిలబడటం దగ్గర నుంచి, కూలిపోతున్న గోపురం ఎక్కి ఆ మరమనుషుల రాజును తన్ని కింద పడేయటం దాకా అదే కథ. ఆమె నడుస్తుంటే హాలంతా 'ఠంగ్, ఠంగ్' మని మోగేది. నాయినమ్మ నిద్రపోయింది. అమ్మ చెవులు మూసుకుంది. అక్క మాత్రం కుర్చీ అంచుకు జరిగి, ఆ 'ఠంగ్' వచ్చినప్పుడల్లా తన బూటును నేలకు కొట్టింది. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అక్క ఆపలేదు.

ఆ మర్నాటి నుంచి గల్లీ మారిపోయింది. ఆ సినిమా అందరూ చూశారు కదా. ఇనుపకాలు నిజంగా ఉన్నది ఒక్క మా అక్కకే! నిన్నటిదాకా లంగ్డీ అన్నవాళ్ళే వచ్చి "సుగుణా, నువ్వు ఇనుపకాలామె. మేం మిషన్లం" అని బతిమాలుకున్నారు. అక్క వెంటనే ఒప్పుకోలేదు. "మిషన్లంటే చప్పుడు చేయాలె, నేను తంతే పడాలె, మల్ల లేవొద్దు" అని షరతులు పెట్టింది. ఒకరోజు ఆట ఊపులో పక్కింటి వాళ్ళ నీళ్ళ డ్రమ్మును తన్ని సొట్ట పెట్టింది. పట్టా కడ్డీ కూడా వంగింది. అమ్మ ఆ డ్రమ్మును చూసి ఏడవాలో నవ్వాలో తెలియక, చివరికి నన్ను కొట్టింది. ఆ వేసవి అంతా అక్క నడిచినంత దర్జాగా మా గల్లీలో ఎవరూ నడవలేదు.

ఏళ్ళు గడిచాయి. ఆటలు పోయాయి. అక్క ఇంటరు పాసైంది, మంచి మార్కులతోనే. కోఠి దగ్గర కాలేజీలో డిగ్రీ చేరతానంది. బాపు వద్దన్నాడు. జహనుమా నుంచి కోఠికి బస్సు. ఆ రోజుల్లో మా వైపు బస్సు అంటే తలుపుల దగ్గర మనుషులు వేలాడుతూ వచ్చేవి. మెట్టు మోకాలంత ఎత్తు. డ్రైవర్లు పూర్తిగా ఆపేవాళ్ళు కాదు. "ఎక్కేటప్పుడు కాలు జారితే ఎవరు జవాబు, బిడ్డా? ఇంటికాడ కుట్టుమిషను పెట్టిస్త. మంజుల కాలేజీకి పోయి వచ్చి నీకు పాఠాలు చెప్తది" అన్నాడు. నేను ఇంకా ఇంటరే చేరలేదు. నేను చదవబోయే చదువుతో అక్కకు పాఠాలట. అక్క అన్నం మానలేదు, ఏడవలేదు. రోజూ బాపు చెప్పులు విడిచే సమయానికి ఎదురుగా వచ్చి "కాలేజీల దరఖాస్తులు ఇస్తుండ్రు బాపు" అనేది. బాపు "వద్దంటిని గద బిడ్డా" అనేవాడు. ఇద్దరి గొంతులోనూ కోపముండేది కాదు. అదే నాకు భయంగా ఉండేది.

అప్పుడే రెండో భాగం వచ్చింది. గోడల మీద పోస్టర్లు చూసి బాపే అన్నాడు, "ఆదివారం మీ ఇద్దరికీ సినిమా చూపిస్త. గని కాలేజీ ముచ్చట బంద్ పెట్టాలె." అక్క అవుననలేదు, కాదనలేదు. ఆదివారం ఉతికిన లంగావోణి కట్టుకుని, పట్టా కడ్డీలకు కొబ్బరినూనె రాసి మెరిసేలా తుడుచుకుంది. రిక్షాలో శాలిబండ వైపు ఉన్న టాకీసుకు పోయాం, మధ్యాహ్నం ఆటకు. హాలు నిండిపోయింది. తెర మీద నగరం కనబడగానే ఈలలు. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిందో ఆ చేతి పట్టులో తెలిసింది నాకు.

సినిమా మొదలైన కాసేపటికే ఒక తెల్లకోటు శాస్త్రవేత్త ఆమెకు కొత్తకాలు పెట్టాడు. అచ్చం మనిషి కాలులాగే, నున్నగా. ఆమె సంతోషంతో ఏడ్చి, పాత ఇనుపకాలిని తన చేతులతోనే కొలిమిలో పడేసింది. అది కరుగుతుంటే వెనక వీణ వాయించారు. ఆ తర్వాత ఎవరో కొత్త కుర్రాడు వచ్చాడు. గోపురాలెక్కడం, తన్నడం అన్నీ వాడివే. ఆమె ఒక గదిలో టీవీల ముందు కూర్చుని, వాడికి దెబ్బ తగిలినప్పుడల్లా "జాగ్రత్త!" అని అరుస్తుంది. చివర్లో ఆమెను ఎత్తుకుపోతారు. వాడు విడిపిస్తాడు. నున్నటి కాళ్ళతో సముద్రం ఒడ్డున పరిగెత్తుతుండగా శుభం పడింది. ఒక్కసారి కూడా 'ఠంగ్' అనలేదు. హాల్లో మిగతావాళ్ళు కూడా విసుక్కున్నారు. పోరాటాలు బాగా లేవని, మొదటిదే నయమని తిట్టుకుంటూ లేచారు. బాపుకు మాత్రం నచ్చింది. బయటికి వస్తూ అక్క తల మీద చెయ్యి వేసి, మనస్ఫూర్తిగా అన్నాడు. "చూసినవా బిడ్డా, ఆఖరుకు కాలు మంచిగైంది."

మంచి మాటే. ప్రేమతో అన్న మాటే. కాని అక్క అక్కడికక్కడే ఆగిపోయింది. జనం మమ్మల్ని రెండువైపులా రాసుకుంటూ పోతున్నారు. బాపు ఒక రిక్షాను పిలిచి "జహనుమా" అన్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను. అక్క ఎక్కలేదు.

"నేను నడుస్త" అంది.

"యాడికి?"

"ఇంటికి."

బాపు నవ్వాడు. "పిచ్చా నీకు? గింత ఎండల? అలియాబాద్ దాటాలె, శంషేర్‌గంజ్ దాటాలె."

"తెలుసు. ఇంటిదాంక రిక్షా ఎక్కకుంట, యాడ కూసోకుంట నడుస్త. నడిస్తే కాలేజీకి పంపుతవా?"

రిక్షా అబ్బాసు భాయ్‌ది. మా వైపు మనిషే, బాపుకు తెలిసినవాడు. ఆయన కళ్ళు పెద్దవి చేసి బాపు వైపు చూశాడు. పాన్‌డబ్బా దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా వింటున్నారు. బాపు గొంతు తగ్గించి "ఇంటికి పోయి మాట్లాడుదం" అన్నాడు. "ఇంట్ల నువ్వు మాట్లాడవు బాపు. వద్దంటవు, గంతే" అంది అక్క. బాపు ముఖం ఎర్రబడింది. కోపంతో కాదు, చుట్టూ మనుషులున్నారని. "సరే, నడువు" అన్నాడు. పది అడుగుల్లో తనే ఎక్కుతుందని ఆయన ధైర్యం. నేను రిక్షా దిగాను. అబ్బాసు భాయ్ మాత్రం పోలేదు. సీటు దిగి, ఖాళీ రిక్షాను చేత్తో పట్టుకుని మా వెనకే నడిపించుకుంటూ వచ్చాడు. "కిరాయి అక్కర్లేదు సాబ్, నేను గూడ అటే పోవాలె" అన్నాడు.

ఆ నడక ఎలా ఉంటుందో చెప్పాలి. మోకాలి తాళం వేసి ఉంటుంది కనుక కాలు వంగదు. ప్రతి అడుగుకూ కుడి కాలి మీద లేచి, నడుముతో ఎడమకాలిని పైకెత్తి, పక్కకు తిప్పి, ముందుకు వేయాలి. ఇంట్లో, గల్లీలో అయితే సరే. ఆ రోడ్డు మీద గుంతలు, రాళ్ళు, మూతలేని మోరీలు, మీదికొచ్చే స్కూటర్లు. అక్క రోడ్డు అంచు పట్టుకుని నడిచింది. ఎవరితోనూ మాట్లాడలేదు. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. బాపు రెండు అడుగులు ముందు నడుస్తూ, తిరిగి చూడనట్టు నటిస్తూ, ప్రతి దుకాణం అద్దంలో వెనక వస్తున్న బిడ్డను చూసుకున్నాడు. నేను చూశాను ఆయన చూడటం.

అలియాబాద్ దగ్గరికి వచ్చేసరికి తొడ దగ్గరి తోలు పట్టీ పుటుక్కున తెగింది. కడ్డీ పక్కకు తిరిగి, అక్క ముందుకు తూలి, ఒక దుకాణం గుంజను రెండు చేతులతో పట్టుకుంది. బాపు పరిగెత్తుకొచ్చాడు. అబ్బాసు భాయ్ రిక్షాను దగ్గరికి లాగాడు. "ఇగ సాలు బిడ్డా, ఎక్కు. నువ్వు ఓడిపోలే, పట్టీ తెగింది" అన్నాడు బాపు. అక్క గుంజ వదల్లేదు. ఆ దుకాణం మస్తాన్ చాచాది. ఒకప్పుడు టాంగా గుర్రాలకు జీన్లు కుట్టేవాడట. టాంగాలు పోయాక బెల్టులు, సంచులు కుడుతున్నాడు. ఆయన చేతిలో దబ్బనం పట్టుకునే తల ఎత్తాడు.

"క్యా హువా బేటీ?"

"పట్టీ తెగింది చాచా. కుడతవా?"

"ఎందుకు కుట్ట? కూసో, ఇప్పి ఇయ్యి" అని స్టూలు జరిపాడు.

"కూసోను" అంది అక్క. నేనే ఆయనకు పందెం సంగతి చెప్పాను. ఆయన బాపును పైనుంచి కిందికి చూశాడు. బాపు తల దించుకుని, "కూసో బిడ్డా. కూసున్నా నేను లెక్క పట్ట. నా మీద ఒట్టు" అన్నాడు. అక్క ఒక్క క్షణం స్టూలు వైపు చూసింది. ఎంత ఆశగా చూసిందో! మళ్ళీ తల అడ్డంగా ఊపింది. "నువ్వు లెక్క పట్టవు బాపు. నేను లెక్క పడత."

నిలబడే పట్టా విప్పింది. నేను ఒకవైపు పట్టుకున్నాను. సన్నటి ఎడమకాలు లంగా కింద గాల్లో వేలాడుతుంటే, కుడికాలి మీద, గుంజకు ఆనుకుని నిలబడింది. చాచా కొత్త తోలు ముక్క కోసి, పాత పట్టీ మీద పెట్టి కొలిచాడు. "గాడ వద్దు చాచా" అంది అక్క. "గాడ పెడితే తొడ కోసుకపోతది. ఇంకొంచెం కిందికి. ఇటు అంచు మడిచి కుట్టాలె. లోపటి దిక్కు ముడి రావద్దు." చాచా అది తిప్పి చూసి, "హా, సహీ బాత్" అని, చెప్పినట్టే అంచు మడిచాడు. నడక నేర్చినప్పటి నుంచి ఆ తోలు ఎక్కడ కోసిందో ఆ ఒంటికి తెలుసు కదా. ఇంతవరకు ఎవరూ అడగలేదు, అంతే. ఆసుపత్రిలో ఇచ్చినదాన్ని తొడుక్కోవడమే మాకు తెలుసు. చాచా కుడుతున్నంతసేపూ అక్క ఒంటికాలి మీద వణుకుతూ, ఆయన చేతులనే చూస్తూ ఉంది. దారానికి ఎలా మైనం పూస్తున్నాడో, దబ్బనం ఎలా తిప్పుతున్నాడో. నొప్పి మరిచిపోయిన ముఖం అది. ఆ ముఖాన్ని తర్వాత ఎన్నోసార్లు చూశాను, పని చేసుకుంటున్నప్పుడు.

మిగతా దారి చెప్పడానికి ఏమీ లేదు. నడిచింది. శంషేర్‌గంజ్ దాటాక బాపు ముందు నడవడం మానేసి పక్కకు వచ్చాడు. స్కూటర్లు వచ్చే వైపు తను ఉండి, చెయ్యి పట్టుకోలేదు గాని, పట్టుకునేంత దగ్గరగా నడిచాడు. మా గల్లీ మొదట్లో అబ్బాసు భాయ్ బెల్లు గట్టిగా కొట్టాడు, పెళ్ళి బండి వచ్చినట్టు. అమ్మ వాకిట్లోకి వచ్చి, ఖాళీ రిక్షా, చెమటతో తడిసిన పిల్ల, తల దించుకున్న భర్త — అన్నీ చూసి ఏమి జరిగిందో తెలియక లొల్లి మొదలుపెట్టింది. అక్క గడప దాటి, గోడ పట్టుకుని, మెల్లగా నేల మీదికి జారింది. పట్టా విప్పితే తొడ మీద పాత పట్టీ కోసినచోట చర్మం లేచిపోయి ఉంది. కొత్త పట్టీ కిందిది మాత్రం ఎర్రబడింది, తెగలేదు. నాయినమ్మ గరిటె పొయ్యి మీద పెట్టింది. ఆ రోజు కాలితో ఏమీ మాట్లాడలేదు. నూనె రాస్తూ మొదటిసారి అక్కతో మాట్లాడింది. "మీ తాత గిట్లనే ఉండె. మొండోడు" అంది.

అమ్మ వారం రోజులు బాపుతో సరిగా మాట్లాడలేదు. "బస్సు కింద పడితే నీ మాట తెచ్చిస్తదా నా బిడ్డను?" అనేది. ఆమె భయం తప్పేమీ కాదు. కాని బాపు మాట తప్పలేదు. మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి, మధ్యాహ్నం జనం తక్కువగా ఉన్నప్పుడు అక్కను బస్టాపుకు తీసుకుపోయాడు. వచ్చిన ప్రతి బస్సూ ఎక్కించి, తర్వాతి స్టాపులో దింపి, మళ్ళీ ఎక్కించి. ఏ చేత్తో కడ్డీ పట్టుకోవాలి, ఏ కాలు ముందు వెయ్యాలి, కండక్టరుకు ఏమని చెప్పాలి, అన్నీ. సాయంత్రం ఇద్దరూ దుమ్ము కొట్టుకుని వచ్చారు. ఆ రోజు అమ్మ ఇద్దరినీ వాకిట్లో ఆపి దులిపింది.

అక్క కాలేజీ చదివింది. బస్సు మెట్టు మీద నుంచి రెండుసార్లు పడింది కూడా. ఇంట్లో చెప్పలేదు. నాకు చెప్పింది. కాలేజీ నుంచి వస్తూ అలియాబాద్‌లో దిగి మస్తాన్ చాచా దగ్గర గంటసేపు కూర్చునేది. మొదట తన పట్టా పట్టీలన్నీ తనకు కావలసినట్టు మార్చుకుంది. తర్వాత ఆసుపత్రిలో పరిచయమైన ఒకావిడది. తర్వాత ఆమె తీసుకొచ్చిన ఇంకొకరిది. డిగ్రీ అయ్యాక ఆ పనికే చదువు ఉందని తెలిసి, అదీ చదివింది. ఇదంతా ఒక చెత్త సినిమా వల్ల జరిగిందని నేను అనను. అక్క ఎప్పటికైనా నడిచేదే. ఆ సినిమా ఆ ఆదివారంనాడు నడిపించింది, అంతే.

శనివారం మాల్‌కు నేను ముందే చేరి నిలబడ్డాను. క్యాబ్ ఆగింది. డ్రైవరు కుర్చీ దించి విప్పాడు. అక్క సీటు మీద నుంచి కుర్చీలోకి తనే జరిగింది. నేను వెనక పిడులు పట్టుకోబోతే "చెయ్యి తియ్" అంది. ఏటవాలుగా వేసిన దారి, లిఫ్టు, వెడల్పు తలుపులు. మా చిన్నప్పటి టాకీసులో మెట్లెక్కడానికే బాపు భుజం కావాల్సి వచ్చేది. ఇక్కడ ఎవరి భుజమూ అవసరం లేదు. కాకపోతే కుర్చీలకు చోటు తెరకు మరీ దగ్గర, అట్టడుగు వరసలో ఇచ్చారు. సినిమా అంతా మెడలెత్తి చూశాం. అక్క పోయేటప్పుడు మేనేజరును పిలిపించి, "ఒకసారి మీరు గాడ కూసోని చూడుండ్రి సార్, సినిమా మొత్తం" అంది. ఆయన చూస్తానన్నాడు. చూసేదాకా ప్రతి శనివారం వస్తానని చెప్పింది.

ఈ కొత్త భాగంలో ఇనుపకాలు తిరిగి వచ్చింది. జనం పాతదే అడిగారేమో. కాలు ధగధగా మెరుస్తోంది, నిప్పులు కక్కుతోంది. ఆమె ఆ కాలితో గాల్లోకి ఎగిరి, భవనాల మీద నుంచి భవనాల మీదికి దూకింది. చప్పుడు కూడా పెట్టారు, హాలు అదిరేంత. సగంలోనే నాకు నిద్ర వచ్చింది. బయటికొచ్చాక కాఫీ తాగుతూ, "ఎట్లుంది?" అన్నాను.

"బరువు లేదే మంజీ" అంది. "కాలు చూపిస్తుండ్రు గని కాలు బరువు చూపిస్తలేరు. భుజం దించకుంట, నడుము తిప్పకుంట గంత ఇనుము ఎట్ల లేస్తది? మొదటి సినిమల ఆమె లేసేటప్పుడు పండ్లు కొరికింది, యాదికుందా? ఆమెకు నొప్పుండె."

యాదికుంది. నేను చాలాసేపు ఆపుకున్న మాట అప్పుడు అడిగాను. "నీకు కష్టం కాలేదా అక్కా? కుర్చీ ఎక్కుడు?" కాఫీ కప్పు కింద పెట్టింది. "అయింది. మూడు నెలలు మొండికేసిన. రోజూ పడుతున్న, దెబ్బలు దాస్తున్న. ఒకరోజు కార్ఖానల పడ్డ, చేతిల ఎవరిదో కాలుండె. అది పగిలింది. ఆ మనిషి మల్ల వారం ఆగాలె గదా నా వల్ల. ఆ పొద్దే కుర్చీ చెప్పిన." కప్పు మళ్ళీ అందుకుని, "ఎవరో కూసోమన్నరని కూసోలే. నా పని ఆగొద్దని కూసున్న. నువ్వు ఫికర్ చేయకు" అంది. ఆ రోజు స్టూలు వైపు ఆశగా చూసి తల తిప్పుకున్న పిల్ల నాకు గొప్పది. ఇన్నేళ్ళు ఆ పిల్లనే మనసులో పెట్టుకున్నాను. ఈ కుర్చీలోని మనిషి అంతకంటే తక్కువదని నా లోపల ఎక్కడో అనిపిస్తూనే ఉంది. ఆ క్షణంలో అది తప్పని తెలిసింది. తెలియడం వేరు, ఒంటికి ఎక్కడం వేరు. ఎక్కడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

సోమవారం సంతోష్‌నగర్ కార్ఖానాకు వెళ్ళాను. ఇప్పుడక్కడికి పోలియో పిల్లలు రారు. మన దేశంలో ఆ జబ్బే లేకుండా పోయింది. బండి ప్రమాదాల్లో కాళ్ళు పోయినవాళ్ళు, షుగరుతో పోయినవాళ్ళు వస్తారు. ముందు గదిలో ఒక నడివయసు టీచరమ్మ తన కొత్త కాలి కోసం కూర్చుని ఉంది. లోపల అక్క దగ్గర చాలాకాలంగా పనిచేసే షబానా, చేతిలో రంపంతో, పెద్ద పనిబల్ల ముందు బిక్కముఖం వేసుకుని నిలబడి ఉంది. నిలబడి పనిచేయడానికి అక్క తన నడుమెత్తు కొలిచి చేయించుకున్న టేకు బల్ల అది. ముప్పయ్యేళ్ళ తోలు రంగు, జిగురు, ఉలిగాట్లు దాని మీద.

"మేడం బల్ల కాళ్లు కొయ్యుమంటున్నరు" అంది షబానా, నేనైనా ఆపుతానేమోనన్న ఆశతో. "కొత్త బల్ల కొనుక్కుందమంటే ఇనరు. గింత మంచి బల్ల."

"మంచి బల్ల గనుకనే కొయ్యుమంటున్న" అంది అక్క. "కొయ్యి. భయపడకు."

షబానా బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టింది. నేను అవతలి వైపు కాలు కదలకుండా పట్టుకున్నాను. టేకు పొడి రాలి నా పాదాల మీద పడింది. నాలుగు కాళ్ళూ అయ్యాక అక్క కుర్చీని బల్ల కిందికి తోసుకుని చూసింది. మోచేతులు ఇంకా పైకే లేస్తున్నాయి. వెనక్కి వచ్చి, "ఇంకొంచెం" అంది. మళ్ళీ కోశాం. ఈసారి కుర్చీ లోపలికి సరిగ్గా పోయింది. మోచేతులు బల్ల మీద తేలిగ్గా ఆనాయి. ఒకసారి అరచేతితో బల్లంతా తుడిచి, టీచరమ్మ కోసం చేస్తున్న కాలిని ముందుకు లాక్కుని, పట్టీ తిప్పి చూడటం మొదలుపెట్టింది. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను.

"మంజీ, కిటికీకి అడ్డం నిలబడకు" అంది తల ఎత్తకుండానే. "వెలుతురు రానియ్."